ముందు గుర్రాన్ని చూస్తారు: స్వారీ పోటీల గురించి నాలుగు మాటలు

(స్వర్ణోత్సవాల సన్నాహక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

పది రోజుల కిందట కార్యదర్శి గారు ఫోన్ చేశారు. "డాక్టరు గారూ, మీరు మిలిటరీలో గుర్రాల డాక్టరుగా చేశారు కదా. ఓ అరగంట గుర్రాల ఆటల గురించి చెప్పండి. ఏషియన్ గేమ్స్‌లో మనవాళ్లకు గుర్రాల మీద బంగారు పతకం వచ్చిందని పేపర్లో చదివాం. అవి ఎగిరితే ఇచ్చారా, పరిగెత్తితే ఇచ్చారా, మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు" అన్నారు.

ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు ఏమిటంటే, ఆ రోజు గుర్రాలు ఎగరలేదు, పరిగెత్తనూ లేదు. నడిచాయి. ఎలా నడిచాయో చెప్తాను. కానీ దానికి ముందు ఒక అపోహ తీసెయ్యాలి.

మన వైపు గుర్రం ఆట అంటే రేసులే. హైదరాబాద్ మలక్‌పేట రేసుకోర్సు 1886 నాటిది, ఆరో నిజాం కాలంది. రేసులంటే డబ్బు, డబ్బంటే కొంపలు మునగడం, అందుకని మన ఇళ్లల్లో ఆ మాట ఎత్తితేనే పెద్దవాళ్లు మొహం చిట్లించేవారు. నేను గుర్రాల డాక్టరు ఉద్యోగంలో చేరినప్పుడు మా మేనత్త మా అమ్మతో "వదినా, వాడు రేసులు ఆడడు కదా" అని అడిగింది. రేసులు వేరు, స్వారీ పోటీలు వేరు. స్వారీ పోటీలకు ప్రపంచం మొత్తానికి ఒక సమాఖ్య ఉంది. 1921లో పెట్టారు, ఆఫీసు స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో. పొట్టి పేరు ఎఫ్‌ఈఐ. రేసులు దాని కిందికి రావు, పోలో కూడా రాదు. దాని కింద ఉన్నవి జంపింగ్, డ్రెసాజ్, ఈవెంటింగ్, ఎండ్యూరెన్స్, డ్రైవింగ్, వాల్టింగ్. వికలాంగులకు విడిగా పారా పోటీలు. వీటిలో మొదటి మూడే ఒలింపిక్స్‌లో ఉన్నాయి. ఇంకో సంగతి, ఈ మూడింటిలోనూ ఆడవాళ్లూ మగవాళ్లూ ఒకే పోటీలో, ఒకే లెక్కలో దిగుతారు. ఆడవాళ్లకు వేరే పతకం లేదు. గుర్రానికి మీద కూర్చున్నది ఎవరన్నది పట్టదు, ఎలా కూర్చున్నారన్నదే పడుతుంది.

జంపింగ్ చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. మైదానంలో రంగురంగుల కర్రలతో అడ్డంకులు కడతారు. పెద్ద పోటీల్లో వాటి ఎత్తు 1.60 మీటర్ల దాకా ఉంటుంది. కర్ర పడితే 4 తప్పులు. గుర్రం మొరాయిస్తే 4 తప్పులు, రెండోసారి మొరాయిస్తే ఇంటికి. రౌతు కింద పడితే అంతటితో సరి. తక్కువ తప్పులు, తక్కువ టైము, అంతే లెక్క. పోటీకి ముందు రౌతులు ఆ దారంతా కాలినడకన తిరిగి అడుగులు లెక్కపెట్టుకుంటారు. గుర్రం ఒక దూకు మూడున్నర మీటర్ల పైన పడుతుంది, ఈ అడ్డంకి నుంచి ఆ అడ్డంకికి అయిదు దూకులా, ఆరు దూకులా అని ముందే తేల్చుకోవాలి. గుర్రానికి మాత్రం ఆ దారి చూపించరు. మైదానంలోకి వచ్చాకే అది మొదటిసారి చూస్తుంది. తనకు తెలియని అడ్డంకి మీదికి, మీద కూర్చున్నవాడి మాట నమ్మి ఎగురుతుంది. 1949లో చిలీ దేశంలో హువాసో అనే గుర్రం ఒక సైనికాధికారిని మోసుకుని 2.47 మీటర్లు దూకింది. ఇన్నేళ్లయినా ఆ రికార్డు అలాగే ఉంది.

ఇక పతకం సంగతి. డ్రెసాజ్ అనేది ఫ్రెంచి మాట, తర్ఫీదు ఇవ్వడం అని అర్థం. 60 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉన్న బరి. అంచుల వెంట అక్షరాలు పాతి ఉంటాయి. ఈ అక్షరం దగ్గర నడక మార్చాలి, ఆ అక్షరం నుంచి ఈ అక్షరానికి ఏటవాలుగా పక్కకు అడుగులేస్తూ పోవాలి, ఇక్కడ నిలబడిన చోటే గుండ్రంగా తిరగాలి. ప్రతి కదలికకూ 0 నుంచి 10 దాకా మార్కులు, చివరికి శాతం కడతారు. మన పరీక్షల లాగే. తేడా ఏమిటంటే, మాస్టారు బెత్తం పట్టుకున్నట్టు కనిపిస్తే మార్కులు పోతాయి. రౌతు నోరు విప్పి గుర్రంతో మాట్లాడినా పోతాయి. కాలి పిక్కతో, నడుముతో, వేళ్లతో చెప్పాలి, చెప్పినట్టు చూసేవాళ్లకు తెలియకూడదు. గుర్రం తనంతట తానే సరదా పుట్టి చేస్తున్నట్టు ఉండాలి.

2023 సెప్టెంబరు 26న చైనాలోని హాంగ్‌ఝౌలో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనుష్ అగర్వాల్లా ఆ పరీక్ష రాసి జట్టుకు బంగారు పతకం తెచ్చారు. వ్యక్తిగతంగా అనుష్‌కు కాంస్యం వచ్చింది. ఈ ఆటలో ఏషియన్ గేమ్స్ బంగారం మనకు 41 ఏళ్ల తరవాత దక్కింది. అంతకు ముందు 1982 ఢిల్లీలో ఈవెంటింగ్‌లో రఘుబీర్ సింగ్‌కు, మన జట్టుకు, టెంట్ పెగ్గింగ్‌లో రూపిందర్ సింగ్ బ్రార్‌కు వచ్చాయి. అప్పటివాళ్లు మిలిటరీ వాళ్లు, మిలిటరీ గుర్రాలు. ఇప్పటి నలుగురూ పౌరులు, యూరప్‌లో ఏళ్ల తరబడి ఉండి నేర్చుకున్నవాళ్లు. ఎందుకు అక్కడ ఉండాలి అంటారా? ఖర్చు ఒక్కటే కాదు కారణం. గుర్రాల అంటువ్యాధుల భయంతో మన దేశపు గుర్రాలను బయటి దేశాలు తేలిగ్గా రానివ్వవు. 2025 జూలైలో మీరట్‌లోని మా రీమౌంట్ వెటర్నరీ కోర్ కేంద్రానికి వ్యాధిరహిత ప్రాంగణమని ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ గుర్తింపు వచ్చింది. ఆ వార్త చదివిన రోజు మా పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెళ్లి జరిగినంత హడావిడి. మీ పేపర్లలో లోపలి పేజీలో కూడా వచ్చిందో లేదో నేను చూడలేదు.

ఈవెంటింగ్‌కు పాత పేరు 'మిలిటరీ' అనే. సైనికుడి గుర్రానికి ఏమేం రావాలో అవన్నీ ఒక్క గుర్రం చెయ్యాలి. మొదట డ్రెసాజ్, కవాతు మైదానంలో బుద్ధిగా ఉంటుందా అని. తరవాత క్రాస్‌కంట్రీ, చెట్లు, గుంటలు, నీళ్లు, దొర్లని మొద్దులు దాటుకుంటూ కిలోమీటర్ల కొద్దీ దౌడు. చివర జంపింగ్, అంత అలసట తరవాత కూడా కాలు ఎత్తి వేస్తుందా అని. ఒలింపిక్స్‌లో ఈ ఆటలో మొదట్లో సైనికాధికారులనే ఆడనిచ్చారు. మన ఫవాద్ మీర్జా, బెంగళూరు కుర్రాడు, 2018 జకార్తాలో ఇందులోనే వెండి పతకం తెచ్చాడు, టోక్యో ఒలింపిక్స్‌లో 23వ స్థానం. మూడు పరీక్షలూ ఎవరైనా చూస్తారు గాని నేను చూసేది ఇంకొకటి. క్రాస్‌కంట్రీ ముగిసిన తరవాత, జంపింగ్‌కు ముందు, గుర్రాన్ని జీను లేకుండా తెచ్చి గట్టి నేల మీద ట్రాట్ చేయిస్తారు. ట్రాట్ అంటే నడకకూ దౌడుకూ మధ్య ఉండే చిన్న పరుగు, మన జట్కా గుర్రం పరిగెత్తేది అదే. ముందు కాలు నొప్పిగా ఉంటే ఆ కాలు నేలకు తగిలినప్పుడల్లా తల పైకి లేస్తుంది. డాక్టర్లూ న్యాయనిర్ణేతలూ అది చూస్తారు. కుంటిందా, ఆ క్షణం దాకా మొదటి స్థానంలో ఉన్నా సరే, ఆట అయిపోయినట్టే. రౌతుకు ఎంత కాలు విరిగినా, చెయ్యి బెణికినా తన ఇష్టం. గుర్రానికి అలా కుదరదు. అది చెప్పలేదు కాబట్టి దాని తరఫున ఇంకొకరు చెప్పాలని రూలు.

జట్కా మాట వచ్చింది కాబట్టి, ఇక్కడ చాలామందికి తెలిసినదీ, కొంతమంది తమ్ముళ్లకు తెలియనిదీ ఒకటి చెప్తాను. మా నాన్న బెజవాడ స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు. నేను రోజూ బండి మీద వచ్చి, బడికి రెండు వీధుల అవతల దిగిపోయేవాణ్ణి. అయినా మా క్లాసులో నన్ను "గుర్రబ్బండి" అనే పిలిచేవాళ్లు. అలా పిలిచినవాళ్లలో ముగ్గురు ఇప్పుడు ఈ హాల్లోనే ఉన్నారు, నవ్వుతున్నారు కూడా. నవ్వండిరా.

మా గుర్రం పేరు రాణి. ఎర్ర ఆడగుర్రం, నుదుటి మీద తెల్లమచ్చ. మా ఇంట్లో రోజూ ఉలవలు ఉడికేవి. ఉలవలు రాణికి, ఆ నీళ్లతో చారు మాకు. ఇప్పుడు పెళ్లిళ్లలో ఉలవచారులో మీగడ వేసుకుని తింటుంటే నాకు నవ్వొస్తుంది, మేం గుర్రంతో పంచుకున్న భోజనం అది. నాన్నకు చదువు లేదు. కానీ తెల్లారగట్ట ఇంకా చీకటి ఉండగా బండి రోడ్డెక్కగానే చెవి అటు వేసి, "కుడి ముందర నాడా వదులైంది" అనేవాడు. దిగి చూస్తే నిజమే. నాలుగు కాళ్ల చప్పుడులో ఒక్కటి తేడాగా వినపడేదట. నేను తిరుపతి వెటర్నరీ కాలేజీలో కుంటితనం పాఠం చదివినప్పుడు అందులో సగం నాకు ముందే తెలుసు.

1973 మే నెల, తొమ్మిదో తరగతి అయిపోయిన సెలవులు. నాన్నకు జ్వరం. ఇంట్లో డబ్బుల్లేవు, పదో తరగతి పుస్తకాలు కొనాలి. నాన్న నిద్రపోతున్నప్పుడు నేను బండి కట్టాను. ఖాళీ బండి తోలిన అలవాటు ఉంది. స్టేషన్ దగ్గర మద్రాసు బండి దిగిన కుటుంబం ఒకటి దొరికింది, అమ్మవారి కొండ దగ్గరికి. పెద్దవాళ్లే ఏడుగురు, పైన ట్రంకు పెట్టెలు. రెండు బండ్లు మాట్లాడుకోమని చెప్పాల్సింది. చెప్పలేదు, బేరం పోతుందని. పన్నెండున్నర అయింది. బెజవాడను బ్లేజ్‌వాడ అని ఊరికే అన్లేదు. వన్‌టౌన్ మలుపు దగ్గర రాణి ఆగింది. ఆగిన గుర్రం ఏదో చెప్తోంది అని నాకు తెలుసు. తెలిసీ చిర్నాకోల తీశాను. రెండడుగులు వేసి మోకాళ్ల మీద కూలబడింది.

ఎక్కినవాళ్లు దిగి ఇంకో బండి చూసుకుని వెళ్లిపోయారు. ఎవరో ఇంటికి కబురు చేస్తే నాన్న జ్వరంతోనే వచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. రాణి పై పెదవి ఎత్తి, చిగురు మీద బొటనవేలు నొక్కి వదిలాడు. తెల్లబడిన చోటు మళ్లీ ఎర్రబడడానికి ఎంతసేపు పట్టిందో లోపల లెక్కపెట్టుకున్నాడు. మెడ మీద చర్మం పట్టి లాగి వదిలాడు, అది ముడత పడినట్టే నిలబడిపోయింది. అప్పుడు నీళ్లు తెమ్మన్నాడు.

రాణి బతికింది గాని మోకాలు వాచి మళ్లీ బండి లాగలేదు. అమ్మ ఎంత పోరినా నాన్న దాన్ని అమ్మలేదు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని సామెత ఉంది కదా, ఎగతాళికి అంటారు. మా ఇంట్లో అది ఎనిమిది నెలలు నిజంగా నడిచింది. పగలు నాన్న అద్దె రిక్షా తొక్కేవాడు, సాయంత్రం దాణా కొనుక్కొచ్చేవాడు. నా పదో తరగతి పుస్తకాలు ఈ బడిలోనే ఒక మాస్టారు ఇప్పించారు. ఎవరో చెప్పవద్దన్నారు, అందుకని చెప్పను. ఇప్పుడు వేదిక వైపు చూడను కూడా.

చట్టం ఏమంటుందో నాకు చాలా ఏళ్ల తరవాత తెలిసింది. బండి లాగే పశువుల కోసం 1965లోనే కేంద్రం నిబంధనలు చేసింది. బండిలో తోలేవాడు, ఆరేళ్ల లోపు పిల్లలు కాక నలుగురికి మించి ఎక్కించకూడదు. రోజు మొత్తం తొమ్మిది గంటలు, ఏకధాటిగా అయిదు గంటలు దాటి పని చేయించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బండి కట్టనే కూడదు. నేను ఆ ఒక్క రోజే ఎన్ని తప్పానో మీరే లెక్క వేసుకోండి.

ఇప్పుడు ఎండ్యూరెన్స్ గురించి చెప్తే మీకు తేలిగ్గా అర్థమవుతుంది. దూరప్రయాణం పోటీ ఇది. పెద్ద పోటీల్లో ఒక్క రోజులో 160 కిలోమీటర్లు, అంటే బెజవాడ నుంచి బందరు వెళ్లి, తిరిగొచ్చి, మళ్లీ కొంత దూరం. దారిని కొన్ని ముక్కలు చేస్తారు. ప్రతి ముక్క చివరా వెట్‌గేట్ అని డాక్టర్ల చెక్‌పోస్టు. నిర్ణీత నిమిషాల్లో గుర్రం గుండె వేగం నిమిషానికి 64కి దిగాలి. మామూలుగా నిలబడి ఉన్న గుర్రం గుండె 30, 40 మధ్య కొట్టుకుంటుంది, పరుగులో దానికి నాలుగైదు రెట్లవుతుంది. అది దిగడం లేదంటే గుర్రం లోపల ఏదో సరిగా లేదని అర్థం. తరవాత చిగురు నొక్కి చూస్తాం, చర్మం లాగి చూస్తాం, పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి పేగులు కదులుతున్నాయా అని వింటాం, ట్రాట్ చేయిస్తాం. ఏ ఒక్కటి తేడా ఉన్నా పోటీ నుంచి బయటికి. మొదట గీత దాటిన గుర్రం కూడా ఈ ఆఖరి పరీక్ష పాసయితేనే గెలిచినట్టు.

నేను మొదటిసారి వెట్‌గేట్ డ్యూటీ చేసినప్పుడు ఒక గుర్రం పెదవి ఎత్తి బొటనవేలు పెట్టాను. అప్పుడు చూసుకున్నాను, ఆ చెయ్యి నాది కాదు, మా నాన్నది. అచ్చం అలాగే, అదే చోట. ఆయనకు ఈ పోటీలు ఉన్నాయని కూడా తెలియదు.

ఆ డ్యూటీల్లోనే ఒకసారి రాజస్థాన్ కుర్రాడు, సవార్, గుర్రాన్ని తెచ్చాడు. టైము అయిపోయేసరికి 68. "సాబ్, నాలుగే కదా" అన్నాడు. ఏడాది కష్టం అతనిది, పోటీలో మూడో స్థానంలో ఉన్నాడు. నేను కాగితం మీద గీత కొట్టేశాను. సాయంత్రానికి ఆ గుర్రం మేత ముట్టలేదు, పొట్ట నొప్పికి పడుకుని పొర్లింది. రాత్రంతా సెలైన్లు ఎక్కించాం. తెల్లారి అది రెబ్బ గడ్డి నోట పెట్టుకుంటే ఆ కుర్రాడు దాని మెడ మీద తల పెట్టి ఏడ్చాడు. ఇంకో 30 కిలోమీటర్లు పంపించి ఉంటే ఏమయ్యేదో అతనికి నేను చెప్పాల్సిన పని లేకపోయింది. ఈ ఆటలో మన దక్షిణాది పిల్ల ఒకతి పేరు తెచ్చుకుంది. కేరళ మలప్పురం జిల్లా అమ్మాయి నిదా అంజుమ్ 2023లో ఫ్రాన్స్‌లో జరిగిన జూనియర్, యువ రౌతుల ప్రపంచ పోటీలో 120 కిలోమీటర్లు పూర్తిచేసింది. భారతదేశం నుంచి ఎవరూ అంతకు ముందు అది పూర్తిచెయ్యలేదు. ఇక్కడ పూర్తిచెయ్యడమే గొప్ప.

వాల్టింగ్ గురించి ఒక్క ముక్క. పొడుగు తాడు కట్టిన గుర్రం గుండ్రంగా పరిగెత్తుతుంటే దాని మీద జిమ్నాస్టిక్స్ చేస్తారు. చూడముచ్చటగా ఉంటుంది, మన దేశంలో బాగా తక్కువ.

టెంట్ పెగ్గింగ్ మనకు దగ్గరిది. నేలలో పాతిన చిన్న చెక్క మేకును, దౌడులో ఉన్న గుర్రం మీద నుంచి బల్లెంతో పొడిచి ఎత్తుకుపోవాలి. హైదరాబాద్ సంస్థానపు రౌతులకు ఇందులో, పోలోలో పాత పేరుంది. నిజాం సేనాధిపతి అఫ్సరుల్ముల్క్ ఈ రెండు ఆటల్లోనూ దిట్ట. ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గర నిలబడ్డ ముగ్గురు సిపాయిల విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ లాన్సర్లది, మిగతా రెండు జోధ్‌పూర్, మైసూరు వాళ్లవి. ఇప్పటికీ హైదరాబాద్ పోలీస్ అకాడమీలో ఐపీఎస్ శిక్షణకు వచ్చినవాళ్లు స్వారీ నేర్చుకోవాల్సిందే. మన జిల్లాకు వచ్చే ఎస్పీ గారిని ఎప్పుడైనా పిలిస్తే, మొదటి వారం ఎన్నిసార్లు కింద పడ్డారో అడగండి.

చివరికి ఉంచింది డ్రైవింగ్. అంటే బండి తోలే పోటీ. ఒంటి గుర్రం, జంట, నాలుగు గుర్రాలు. ఇంగ్లండు రాణి గారి భర్త ప్రిన్స్ ఫిలిప్ ఎఫ్‌ఈఐ అధ్యక్షుడిగా ఉన్న రోజుల్లో దీనికి అంతర్జాతీయ రూల్స్ తయారయ్యాయి. తరవాత ఆయన కూడా ఈ పోటీల్లో బండి తోలాడు. మొదట బండితో డ్రెసాజ్, తరవాత మారథాన్, అంటే చెట్ల మధ్య, నీళ్లలో, మెలికల్లో వేగంగా తిప్పడం, చివర కోన్‌లు. ఈ కోన్‌ల జతల మధ్య నుంచి బండి పోవాలి. చక్రాల వెడల్పు కంటే సందు జానెడో రెండు జానలో ఎక్కువ, అంతే. కోన్ మీద బంతి పెట్టి ఉంటుంది. చక్రం తగిలి బంతి పడితే 3 పెనాల్టీలు.

రిటైరయ్యాక మా అబ్బాయి దగ్గరికి జర్మనీ వెళ్లినప్పుడు ఆఖెన్ పట్టణంలో ఈ పోటీ చూశాను. జనం వేలల్లో ఉన్నారు. సూటు, టోపీ పెట్టుకున్న ఆయన ఒకడు నాలుగు గుర్రాల బండిని ఆ సందుల్లోంచి తీసుకుపోతుంటే అందరూ ఊపిరి బిగబట్టారు. ఒక్క బంతి పడలేదు, చప్పట్లు హోరెత్తాయి. నా కళ్లు మసకబారాయి. మా అబ్బాయి "ఎండ ఎక్కువగా ఉందా నాన్నా" అన్నాడు. మా నాన్న కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర, రిక్షాలు, తోపుడు బండ్లు, ఎద్దుబండ్లు, కూరగాయల గంపలు, వాటి మధ్య ఆవులు, ఆ సందులోంచి రోజుకు ఇరవై సార్లు చక్రం ఎక్కడా తగలకుండా పోయేవాడు. ఆయనకు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేనైతే రెండు వీధుల అవతల దిగిపోయాను.

అన్నీ మంచివే చెప్పి పంపిస్తే అబద్ధం చెప్పినట్టవుతుంది. ఈ ఆటలో క్రూరత్వం లేకపోలేదు. టోక్యో ఒలింపిక్స్‌లో మోడర్న్ పెంటాథ్లాన్ అనే అయిదు ఆటల పోటీలో గుర్రాలను లాటరీ తీసి ఇచ్చారు. ముక్కూమొహం తెలియని గుర్రంతో ఇరవై నిమిషాల పరిచయం, తరవాత అడ్డంకులు దూకాలి. సెయింట్ బాయ్ అనే గుర్రం బెదిరి దూకనంది. అప్పటిదాకా ముందున్న జర్మనీ అమ్మాయి ఏడుస్తూ కొరడా ఝళిపించింది, కోచ్ పిడికిలితో గుర్రాన్ని కొట్టింది. ప్రపంచమంతా టీవీలో చూసింది. ఆ గొడవతో పారిస్ ఒలింపిక్స్ తరవాత ఆ పోటీలోంచి గుర్రాలనే తీసేశారు. అదే పారిస్‌కు ముందు, మూడు ఒలింపిక్ బంగారాలు గెలిచిన డ్రెసాజ్ రౌతు షార్లట్ డుజార్డిన్, శిక్షణ ఇస్తూ గుర్రం కాళ్ల మీద పదేపదే కొరడాతో కొట్టిన వీడియో బయటపడి పోటీ నుంచి తప్పుకుంది. ఏడాది నిషేధం పడింది. రూలు ఉన్నంత మాత్రాన అందరూ పాటిస్తారని కాదు. రూలు ఉంటే పట్టుకోవడానికి ఒక పిడి ఉంటుంది, అంతే.

ఈ మాట ఎందుకు అంటున్నానంటే, కార్యదర్శి గారు కోపగించుకోకపోతే ఒక సంగతి అడుగుతాను. సంక్రాంతి సెలవుల్లో జరిగే స్వర్ణోత్సవ ఊరేగింపుకు, మాస్టార్లను కూర్చోబెట్టడానికి రెండు గుర్రాల సారట్ బండి, ముందు నాట్యమాడే గుర్రం, బ్యాండు, టపాకాయలు మాట్లాడుతున్నారని విన్నాను. పెళ్లి ఊరేగింపుల్లో మీరూ చూస్తున్నారు. డప్పు మోతలో తారురోడ్డు మీద ముందు కాళ్లెత్తి నిలబడే గుర్రాన్ని చూసి సెల్‌ఫోన్లలో తీసుకుంటాం. దాని నోట్లో కళ్లెం ఎలా ఉందో, నోటి అంచుల్లో పుండ్లు ఉన్నాయో లేదో ఎవరూ చూడరు. జీను తీసి వీపు ఎవరూ చూడరు. ప్రపంచ పోటీల్లో లక్షల యూరోల గుర్రానికి నాలుగు సార్లు డాక్టరు పరీక్ష. బెజవాడ పెళ్లి గుర్రానికి ఒక్కసారి కూడా లేదు. ఆ తోలేవాళ్లను నేను తప్పు పట్టను, వాళ్ల కష్టం నాకు తెలుసు. ఆ రోజు బేరం పోతే వాళ్లింట్లో పొయ్యి వెలగదు. రెండు బండ్లు మాట్లాడుకోండి అని వాళ్లు అనలేరు. మనం అనగలం.

నాట్యం గుర్రం వద్దు. ఆ డబ్బులు ఆ కుర్రాడికే ఇద్దాం, గుర్రాన్ని ఊరికే నడిపించమందాం. సారట్ బండి ఉండనివ్వండి, మాస్టార్లను ఎండలో నడిపించలేం. కానీ ఒక బండిలో నలుగురే. టపాకాయలు బండికి వంద గజాల దూరంలో. తొమ్మిదిన్నరకల్లా ముగిద్దాం. మధ్యలో బందరు కాలవ వంతెన దాటగానే అయిదు నిమిషాలు ఆగుదాం, నీళ్ల బకెట్లు నేను తెప్పిస్తాను. గన్నవరం వెటర్నరీ కాలేజీ పిల్లలను ఇద్దరిని పంపమని అడిగాను, వస్తామన్నారు.

ఆ రోజు పొద్దున్న ఆరున్నరకు బడి గేటు దగ్గర ఉంటాను. వచ్చిన గుర్రాలను జీను తీయించి, ఒక్కొక్కదాన్ని గేటు నుంచి వేపచెట్టు దాకా ట్రాట్ చేయిస్తాను. నాకు గీత కొట్టే పెన్ను ఇవ్వండి. ఏ గుర్రమైనా కుంటితే దానికి పూర్తి కిరాయి ఇచ్చి, ఉలవలు పెట్టి పంపించేద్దాం. రెండూ కుంటితే, నన్ను "గుర్రబ్బండి" అని పిలిచిన ఆ ముగ్గురూ ఒక కుర్చీ పల్లకీ మొయ్యడానికి సిద్ధంగా ఉండాలి, నాలుగో కాడ నేను పడతాను.